బోర్లు ఎండిన ఊరి నుంచి సముద్రం అడుక్కి

మా అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. మా చేన్లో మూడు బోర్లూ ఎండిపోయాయి. నీళ్లంటే మాకు బిందెలు లెక్కపెట్టుకోవడమే. అలాంటిది పోయిన వీకెండ్ విశాఖ రుషికొండలో ఒడ్డు నుంచే స్కూబా డైవింగ్‌కి దిగా.

లోతుకెళ్లేకొద్దీ చెవులు బిగుసుకుంటాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే ‘సూపర్’ అని కాదు, ‘పైకి పోదాం’ అని.

రాళ్ల సందులో చారల లయన్‌ఫిష్ రెక్కలు విప్పుకుని కనిపించింది. దాని ముళ్లలో విషం. చూడాలే గానీ ముట్టకూడదు. కాసేపు నేనూ కదల్లేదు. నీళ్ల లెక్కలు మర్చిపోయి నీళ్లను చూడటం అదే మొదటిసారి.

వీడియో చూసి మా అవ్వ, “అన్ని నీళ్లుండీ గుక్కెడు తాగేదానికి లేవు కదరా” అంది. మళ్లీ పెట్టమంది. ఈసారి చేపనే చూసింది.