అత్తమ్మ సాళ్లు

1994లో పెళ్లయి నేను నిజామాబాద్ నుంచి నాందేడ్‌కు వచ్చాను. కాపురం పట్నంలో, పొలం దెగ్లూరు తాలూకాలో. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు మన తెలుగు ఇళ్లెన్నో మీకు తెలిసిందే. 1956 దాకా ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే కదా! బడి మరాఠీలో, వంట తెలుగులో అని మాలో మేము నవ్వుకుంటుంటాం.

మొదటి దసరాకు ఊరెళ్తే అత్తమ్మ నన్ను పత్తిచేనుకు తీసుకెళ్లింది. నాలుగైదు పత్తి సాళ్లకొక సాలు వేరుగా కనిపించింది. కంది, అనుములు, నువ్వులు, గట్టు వెంట పుంటికూర. ఇక్కడి వాళ్లు అంబాడీ అంటారే, అదే. "పత్తి మీ మామది. ఈ అక్కడి సాళ్లు నాయి" అన్నది. పత్తి ఎంతకు పోయిందో ఆమెకెవరూ చెప్పేవారు కారు. ఈ సాళ్ల గింజ మాత్రం తానే కొలిచి, విత్తనానికని బూడిద కలిపి కుండల్లో దాచేది. ఎవరికి ఎంత పెట్టాలన్నదీ ఆమె ఇష్టమే.

నేను బి.కాం. చదివినదాన్ని. 2003లో మామయ్య పోయాక లెక్కలు నా చేతికొచ్చాయి. అప్పటికి చుట్టుపక్కలంతా సోయా వేస్తున్నారు. నేనే కాగితం మీద కూడికలు వేసి మా మరిదికి చెప్పాను: "మొత్తం సోయా వేయి. అడ్డసాళ్లు లేకుంటే కోత సులువు. పప్పులు బజార్లో కొనుక్కోవచ్చు." అత్తమ్మ ఒక్క మాటా అనలేదు. ఆ ఏడు విత్తనపు కుండలు అటకెక్కాయి.

నా లెక్కలో అమ్ముడుపోని వస్తువుకు గడి లేదు. పప్పు కొనాలంటే మా యారాలు మొగుణ్ణి డబ్బులడగాలి. అడగడం ఇష్టంలేక రొట్టె, కారంతో సరిపెట్టుకునేది. చిత్రం చూడండి, సోయా గింజలో నూటికి నలభై పాళ్ల దాకా మాంసకృత్తులున్నాయంటారు. మా ఇంట్లో బస్తాలకు బస్తాలు నిలువ ఉండేవి. ఒక్కనాడూ ఒక్క గింజ పొయ్యి మీదికి రాలేదు. అంతా నూనె మిల్లుకే.

2009లో యారాలు రెండోసారి నీళ్లోసుకుంది. నాందేడ్‌లో పరీక్ష చేయిస్తే రక్తం ఏడు గ్రాములు. గర్భిణికి పదకొండైనా ఉండాలట. "రోజూ ఏం తింటున్నావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. యారాలు జవాబు చెప్పకుండా నా వంక చూసింది. ఆ చూపు నేనింకా మరువలేదు. రక్తం ఎక్కించారు. బిడ్డ రెండు కిలోలు కూడా లేకుండా పుట్టింది, బతికింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. ఐరన్ మాత్రలు మింగాల్సిందే, కాదనను. కానీ మా ఇంట్లో జరిగిన దానికి మాత్ర ఒక్కటే మందు కాదు.

మామయ్య బతికున్నప్పుడు శరద్ జోషి గారి శేత్కరీ సంఘటన్ సభలకు బిళ్ల పెట్టుకుని వెళ్లేవారట. భార్య పేరిట భూమి రాయమని ఆ సంఘం 'లక్ష్మీ ముక్తి' ఉద్యమం నడిపింది. ఆడవాళ్లు సొంతంగా చేసుకునే 'సీతా శేతీ' మాట కూడా అక్కడిదే. మామయ్య ఆ కబుర్లన్నీ ఇంటికి మోసుకొచ్చి చెప్పారు గానీ పట్టాలో అక్షరం మారలేదు.

2014, 2015 రెండేళ్లూ కరువే. సోయా మాడిపోయింది. 2016లో లాతూరుకు రైల్లో నీళ్లు తెచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాదే మన మరాఠ్వాడాలో పనిచేసే 'స్వయం శిక్షణ్ ప్రయోగ్'కు ఈక్వేటర్ బహుమతి వచ్చిందని చదివాను. ఇంట్లో అడిగి ఒక ఎకరం తీసుకో, ఇంటికి కావలసిన తిండి పండించు, ఏం వేయాలో నువ్వే తేల్చుకో. వాళ్లు ఆడవాళ్లకు చెప్పేది ఇదే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లూ 1983 నుంచి ఇదే దారిలో ఉన్నారు. 2019లో ఆ బహుమతి వాళ్లకూ వచ్చింది. చదువుతుంటే నాకు అత్తమ్మ సాళ్లే కళ్లముందు కదిలాయి.

యారాలితో చెప్పాను. ఎకరం కోసం మరిదిని ఇద్దరం కలిసి అడిగాం. "ఒక్క ఏడు చూడు వదినా" అన్నాడు. అటక మీది కుండలు దింపితే, పద్నాలుగేళ్ల గింజ ఏం మొలుస్తుంది? పొడి రాలింది. పక్క చేను ముసలమ్మ సోలెడు జొన్న, సోలెడు అనుములు ఇచ్చి, పంటకు రెండింతలు తిరిగిమ్మంది. అత్తమ్మ గట్టు మీద కూర్చుని సాలుకూ సాలుకూ ఎంత ఎడం ఉండాలో చేత్తో చూపించింది.

ఆ ఎకరం ఇప్పటికీ సాగవుతూనే ఉంది. సాత్‌బారాలో మాత్రం మరిది పేరే. యారాలు ప్రతి ఉగాదికీ అడుగుతుంది, "చూద్దాం" అంటాడు. మొన్న ఉగాదికి, "అక్కా, ఈసారి నేనడగను. నువ్వు లెక్క రాసియ్యి" అంది. ఏడాదంతా ఆమె కొలిచి చెప్పిన కందులు, కూర, నువ్వులు, బజార్లో కొనకుండా మిగిలిన రూపాయలు, అన్నీ రాశాను. ఇంట్లో తిన్నదానికి వేరే గడి గీశాను.

మరిది పుస్తకం తీసుకున్నాడు. రెండు రోజులైనా తిరిగివ్వలేదు.