ముందు పద్దు చదవండి

2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగింది. హన్మకొండలో మా వీధిలో పడవలు తిరిగాయి. నీళ్ళు తీసిన వారానికి చుట్టుపక్కల అయిదు కాలనీల వాళ్ళం, మూతులకు మాస్కులు కట్టుకుని, మూతబడ్డ ఒక బడి ఆవరణలో వేపచెట్టు కింద కలిశాం. ఎవరింట్లో ఎంత ఎత్తున నీళ్ళు నిలిచాయో, ఎవరి బియ్యం బస్తాలు తడిశాయో మూడు గంటలు చెప్పుకున్నాం. చెప్పుకోవాల్సిందే. కడుపులో ఉన్నది కక్కకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టేది కాదు. లేచేముందు తలా కొంత చందా వేశాం. ఎవరు ఏ పని చూడాలో మాత్రం అనుకోలేదు.

ఆ రోజు అరవై మందికి పైగా వచ్చారు. తర్వాతి మీటింగుకు పాతిక మంది. మూడోదానికి పదకొండు మంది.

నాలా పక్క గుడిసెల్లో పొదుపు సంఘం నడిపే ఒకక్క ఆ మూడో రోజు లేచి నిలబడింది. "సారూ, పోయినసారి జమైన పైసలెన్ని? దేనికి ఖర్చయినయి? ముందుగాల గది సదువుండ్రి. గప్పుడు మాట్లాడుదాం."

పైసలు రిటైరైన మాస్టారు దగ్గరున్నాయి. రూపాయి తిన్న మనిషి కాదు. చీటీలన్నీ చొక్కా జేబులోనే ఉన్నాయి, లెక్కంతా నెత్తిలో ఉంది. ఎవరూ అడగలేదు కనుక ఆయన చెప్పలేదు. ఆయన చెప్పలేదు కనుక వీధి చివర చాయ్ బండి దగ్గర వేరే లెక్కలు నడుస్తున్నాయి. రాకుండా పోయిన యాభై మంది ఆ లెక్కల్లోనే ఉన్నారని నాకు అప్పుడు అర్థమైంది.

అక్క తన సంచిలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసి చూపించింది. వాళ్ళ సంఘంలో పేరుపేరునా పొదుపు, అప్పు, కిస్తు పైకి చదువుతారు. చదువు రానివాళ్ళు చెవులతో లెక్క సరిచూసుకుంటారు. తన పేరు దగ్గర తప్పు వినబడితే అక్కడికక్కడే ఆపుతారు. అందరూ విన్నాకే సంతకాలు, వేలిముద్రలు.

ఈ అలవాటు మా ప్రాంతానికి కొత్తది కాదు. భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో పద్నాలుగు ఊళ్ళ రైతులను కలిపి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టించారు. సర్కారు పెత్తనంలో ఎన్నో సంఘాలు కూలిన రోజుల్లో కూడా అది నిలిచింది. సభ్యుడు తన సంఘం లెక్క తను అడగగలిగాడు కనుకే నిలిచిందని నా నమ్మకం. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాక ఆడవాళ్ళ పొదుపు సంఘాలకు సొంతంగా నడుచుకునే దారి దొరికింది. అదే ముల్కనూరులో 2000లో మహిళల పాల డెయిరీ లేచింది. గీసుగొండ మండలం గంగదేవిపల్లిదీ ఇదే దారి. మచ్చాపూర్‌కు శివారు పల్లెగా ఉన్నప్పుడే 1980ల తొలినాళ్ళలో సారాను ఊరి బయటికి నెట్టింది. తర్వాత నీళ్ళకొక కమిటీ, పారిశుధ్యానికొక కమిటీ, ఇలా పనికొకటి పెట్టుకుంది. బాలవికాస సంస్థ తోడ్పడినా నీళ్ళ ట్యాంకుకు ఊరివాళ్ళు తమ వాటా తాము వేసుకున్నారు. తన పైసా ఉన్నచోట మనిషి మీటింగు ఎగ్గొట్టడు.

మా సంగతికొస్తే, లెక్క చదవడం మొదలుపెట్టగానే అన్నీ చక్కబడలేదు. ఎగువ కాలనీకి రోడ్డు ఎత్తు చేయాలని ఉంది. ఎత్తు చేస్తే ఆ నీళ్ళు దిగువ ఇళ్ళ మీద పడతాయి. ఒకరి మాట మీద ఒకరికి గురి లేదు. ఆ ముడి తీర్మానంతో విడలేదు, కూచునే చోటు మార్చాక కొంత విడింది. అంతకుముందు ఎప్పుడూ ఎగువనే, కుర్చీలున్న మేడ మీద కలిసేవాళ్ళం. దిగువవాళ్ళు వెనక నిలబడేవాళ్ళు. అక్క పట్టుబట్టి మీటింగును తన గల్లీకి తెచ్చింది. కొత్తవాడ దరీలు రెండు పరిచి అందరం నేల మీదే కూచున్నాం. ఎగువ కాలనీ పెద్దమనిషి ఒకాయన గోడ మీద వరద నీళ్ళ మరక చూశాడు. తన భుజం ఎత్తున ఉంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రోడ్డు మాట ఆ రోజు ఆయన ఎత్తలేదు. ముందు నాలా పూడిక సంగతి రాయమన్నాడు.

అప్పటినుంచి మీటింగు ఆదివారం సాయంత్రం, ఆడవాళ్ళ పనులు తెమిలాక. మొదట జమాఖర్చు, తర్వాత పోయినసారి ఎవరు ఏ పని ఒప్పుకున్నారో వాళ్ళ పేర్లతో. చేయలేకపోయినవాళ్ళు ఎందుకు చేయలేదో చెబుతారు, మేం వింటాం, తిట్టం. ఇది పాటించడం అన్నిటికన్నా కష్టమైంది. ఒకసారి నేనే పేరు పిలిచినప్పుడు తల దించుకున్నాను. పక్కన కూచున్నాయన "ఈ వారం నేను తోడొస్త" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనంటే నాకు ఏర్పడిన నమ్మకం పదేళ్ళ ఇరుగుపొరుగులో ఏర్పడలేదు.

2023 జూలైలో వాన మళ్ళీ విరుచుకుపడింది. భద్రకాళి చెరువు కట్ట తెగింది. మా వీధుల్లోకీ నీళ్ళొచ్చాయి. కానీ ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారో, ఎవరి మేడ తాళం ఎవరి దగ్గరుందో మా మీటింగు పుస్తకంలో రాసి ఉంది. చీకటి పడకముందే వాళ్ళందరినీ పైకి చేర్చాం.

నీళ్ళు తీశాక వచ్చిన ఆదివారం అక్క ఇంకా దరీ పరుస్తూనే ఉంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం తెరిచి, తాడు కొన్న రసీదు దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టాడు.