పేరుకు గూడ పట్టా ఉంటది

ఈసారి పోస్టు జెర పొడుగే ఉన్నది. పొద్దుగూకినంక తీరిగ్గ చదువుకోండి.

మాది భూపాలపల్లి జిల్లా అని పాతోళ్లకు ఎరికే. నాలుగేండ్ల సంది చపాటా మిర్చిల కొంత ఎనుమాముల మార్కెట్‌కు తోలి, కొంత ఇంట్లనే ఎండవెట్టి, తొడిమెలు తీసి, కారం పట్టించి అమ్ముతున్నం. అంగడి గింగడి ఏం లేదు. వదిన వాట్సాప్‌ల ఆర్డర్లు రాసుకుంటది, నేను ప్యాకెట్లు కట్టి ఆర్టీసీ కార్గోల ఏస్త. ప్యాకెట్ మీద మా నాయనమ్మ పేరును ఊళ్లె పిలిచే తీరుగనే పెట్టుకున్నం. ఆ పేరేందో ఇక్కడ రాయను, ప్రచారం చేసుకుంటున్నడు అంటరు.

పోయినేడు హైదరాబాద్ నుంచి ఒక పాత కస్టమర్ ఫోన్ జేసిండు. "ఏందన్నా, ఈసారి కారం మండుతున్నది, రంగు లేదు" అన్నడు. నేను ఆయనకు ఆర్నెల్ల సంది పార్శిలే ఏయలే! ఫొటో పెట్టుమంటే పెట్టిండు. మా పేరే, ఒక్క అక్షరం తేడా. అదే ఎర్ర రంగు, అదే ముసలమ్మ బొమ్మ. ప్యాకెట్ మీదున్న నంబర్‌కు ఫోన్ జేసి అడిగితే అవతలాయన తాపీగ అన్నడు: "పేరు మీద మీకేమన్న రిజిస్ట్రేషన్ ఉన్నదా?"

ఇంటికొచ్చి చెప్తే బాపు నవ్విండు. "పేరుకు గూడ పాసుబుక్కు కావాల్నారా?" అన్నడు. కావాలె. ఆ పాసుబుక్కు పేరే ట్రేడ్‌మార్క్.

మన దగ్గర చానమంది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటే పేరు మనదే అనుకుంటరు. అది తిండి వస్తువు అమ్ముకోనీకి ఇచ్చేది, పేరుకు సంబంధం లేదు. ఉద్యం సర్టిఫికెట్ గూడ అంతే. పేరుకు ట్రేడ్‌మార్క్ చట్టం వేరే ఉన్నది, 1999 నాటిది. తెలంగాణోళ్ల దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందికి వస్తయి. అక్కడిదాక పోయే పనిలేదు, ఆన్‌లైన్‌లనే అయితది, డిజిటల్ సంతకం ఒక్కటి ఉండాలె. ఫీజు ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు, మనలాంటి ఒక్క మనిషికి, చిన్న యూనిట్లకు. పెద్ద కంపెనీలకు 9,000. పట్నంల ఒకాయన అన్నీ కలిపి 15 వేలు అడిగిండు. ఆయన కష్టం ఆయనకు ఉంటది గాని, అండ్ల సర్కారుకు కట్టేదెంత, ఆయన కూలి ఎంత అని రాసియ్యుమని అడిగే హక్కు మనకున్నది. నేను అడిగిన. ఆయన మల్ల ఫోన్ ఎత్తలే. ఆఖరికి తెలిసిన ఒక తమ్ముడు దగ్గర కూసోని చేయించిండు.

క్లాసు అంటే ఏందంటే, వస్తువులను 45 కుప్పలు పోసిండ్రు. కారం, పసుపు, తేనె, బియ్యం 30ల వస్తయి. పచ్చళ్లు, వంటనూనె 29. వడ్లు, విత్తనాలు, పచ్చి కూరగాయలు 31. కేసముద్రం దిక్కు పసుపు పట్టించి అమ్మే అన్నలకు 30 ఒక్కటి చాలు. పచ్చళ్లు గూడ పెడితే రెండు క్లాసులు, రెండు ఫీజులు.

దరఖాస్తుకు ముందు ఆ పేరు ఇంకెవలదన్న ఉన్నదా అని వాళ్ల వెబ్‌సైట్‌ల పుక్కట్ల వెతుక్కోవచ్చు. రాతల తేడా ఉన్నా పలుకుడు ఒక్కతీరుగ ఉంటే అభ్యంతరం వస్తది. "అసలు కారం", "వరంగల్ మిర్చి" అసొంటి పేర్లు మామూలుగ ఇయ్యరు. వస్తువును, ఊరును చెప్పే మాటలు అందరియి, ఒక్కనికి ఎట్ల రాసిస్తరు? అది న్యాయమే అనిపిస్తది నాకు. మా నాయనమ్మ పేరు అక్కడ అక్కరకొచ్చింది.

ఎప్పటి సంది వాడుతున్నరో రాయుమంటరు. వట్టిగ రాస్తే కాదు, అఫిడవిట్‌తోని రుజువులు పెట్టాలె. గీడ వదిన గెలిచింది. మొదటి ఏడు నుంచి కార్గో రశీదులు, ప్యాకెట్లు అచ్చేయించిన బిల్లు, పైసలు పడ్డ బ్యాంకు కాయితం అన్నీ బిస్కట్ డబ్బాల దాసిపెట్టింది. ఆ డబ్బా లేకుంటే మాది నాలుగేండ్ల పేరని ఎవలు నమ్ముతరు? రిజిస్ట్రేషన్ లేకున్నా ముందుగాల వాడినోనికి చట్టంల కొంత బలం ఉన్నది, గాని కోర్టుల రుజువు చేసే బరువంతా మనమీదనే పడ్తది.

కొన్ని నెలలకు పరీక్ష రిపోర్టు వచ్చింది. వేరే రాష్ట్రంల బిస్కట్లు చేసేటోళ్ల పేరు మా పేరును పోలి ఉన్నదని అభ్యంతరం. 30 రోజుల్ల జవాబియ్యాలె, లేకుంటే దరఖాస్తు పోయినట్టే. వాళ్లవి బిస్కట్లు, మాది కారం, బొమ్మ వేరు, పేరు వెనుక కథ వేరు అని రాసి డబ్బాల కాయితాలు జత చేసినం. ఒప్పుకున్నరు. ఇప్పుడు జర్నల్‌ల అచ్చయింది. 4 నెలల్ల ఎవలన్న అడ్డం చెప్పొచ్చు. గ్రామసభల జాబితా చదివి అభ్యంతరాలు అడిగినట్టే. అది దాటితే సర్టిఫికెట్, పదేండ్లకోసారి రెన్యువల్. అప్పటిదాక పేరు పక్కన టీఎం అని రాసుకుంటం. గుండ్రం లోపల ఆర్ గుర్తు మాత్రం సర్టిఫికెట్ వచ్చినంకనే.

ఇగ అసలు ముచ్చట. నాయనమ్మ పేరు మాది. మరి చపాటా అనే పేరు ఎవలది? 2025ల వరంగల్ చపాటా మిర్చికి జీఐ గుర్తింపు వచ్చింది. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ 2022ల దరఖాస్తు పెట్టింది, మన మహబూబాబాద్ జిల్లా మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వెన్నంటి ఉన్నరు. టమాటా మిర్చి అని పిలిచే కాయ, కారం తక్కువ, రంగు ఎక్కువ. వరంగల్, హన్మకొండ, ములుగుతోని పాటు మన భూపాలపల్లి గూడ అండ్ల ఉన్నది. జనగామ దిక్కు పెంబర్తి ఇత్తడి పనికి ఎప్పుడో వచ్చిన గుర్తింపు అసొంటిదే ఇది.

జీఐ పేరును ఒక్కడు ట్రేడ్‌మార్క్ చేసుకోలేడు, అమ్ముకోలేడు, ఇంకొకనికి రాసియ్యలేడు. గాని వచ్చింది కదా అని మనం చేతులు కట్టుకోని కూసుంటే పనికాదు. పండించే రైతు తన పేరును అధీకృత వాడకందారుగ రాయించుకోవాలె. దానికి ఫీజు 500 ఉండేది, 2020ల 10 రూపాయలు చేసిండ్రు. పది రూపాయలు! మార్కెట్ కాడ చాయ్‌కి అంతకన్న ఎక్కువైతది. నాకు మనసుల గుచ్చుకునేది ఇదే. బిస్కట్ డబ్బా దాసిన మా వదిన లెక్క ఒక్క ఇల్లు కొట్లాడితే ఒక్క పేరు నిలవడ్తది. చపాటా పేరు మీద ఎక్కడి కాయనో రంగేసి అమ్మేటోన్ని ఆపాలంటే రిజిస్టర్‌ల రైతుల పేర్లు నిండుగ ఉండాలె.

చిట్యాల, మొగుళ్లపల్లి, రేగొండ, టేకుమట్ల దిక్కు చపాటా ఏసేటోళ్లు పాసుబుక్కు, ఆధార్ నకళ్లు తీసిపెట్టుకోండి. సొంత విత్తనం దాసుకునేటోళ్లు ఎన్నేండ్ల సంది ఏస్తున్నరో, విత్తనం ఎవల కాడ తెచ్చుకున్నరో ఒక కాయితం మీద రాయండి. పది మంది అయితే అందరం కలిసి ఉద్యాన శాఖ ఆఫీసుకు పోదాం. ఆటో కిరాయి నేను పెట్టుకుంట.