రెండు నదుల నడుమ నూరు మైళ్ళు

తాహో సరస్సులోంచి బయటికి వచ్చే నది ట్రకీ ఒక్కటే. అది సముద్రం మొహం ఎరగదు. తూర్పుకు తిరిగి నెవాడా ఎడారిలోకి పోయి పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది. సియెరా నెవాడా కొండలకు పడమటి వైపు పుట్టే అమెరికన్ నది దారి వేరు. అది పడమటికి దూకి శాక్రమెంటో నదిలో కలిసి పసిఫిక్‌కు చేరుతుంది. ఏటా వేసవిలో ఒక శనివారం తెల్లవారుజామున నూట యాభైకి అటూ ఇటూగా గుర్రాలు ట్రకీ వైపు నుంచి బయల్దేరి, కొండల వెన్ను దాటి, అమెరికన్ నది లోయల వెంట ఆబర్న్ ఊరిదాకా వెళ్తాయి. దూరం నూరు మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు. గడువు 24 గంటలు. ఈ సవారీ పేరు టెవిస్ కప్.

రోజుల తరబడి సాగే సవారీలూ లేకపోలేదు. మంగోల్ డెర్బీ వెయ్యి కిలోమీటర్లు, పది రోజుల దాకా పడుతుంది. కానీ అక్కడ 40 కిలోమీటర్లకోసారి గుర్రాన్ని మారుస్తారు. అది మనిషికి పరీక్ష. టెవిస్‌లో మొదట ఎక్కిన గుర్రం మీదే చివరిదాకా వెళ్ళాలి. ఆ ఒక్క షరతుతో ఆట స్వభావమే మారిపోయింది.

ఆబర్న్‌లో కలప వ్యాపారం, బ్యాంకు నడిపిన వెండెల్ రోబీ దీనికి ఆద్యుడు. ఇప్పటి గుర్రాలు ఒక్క రోజులో నూరు మైళ్ళు వెళ్ళగలవా అని వాదన వచ్చినప్పుడు, 1955 ఆగస్టులో కొందరు స్నేహితులతో కలిసి వెళ్ళి చూపించాడు. ఇప్పుడు గుర్రాలు బయల్దేరే చోటుకు ఆయన పేరే, రోబీ పార్క్. తేదీని మాత్రం చంద్రుణ్ణి చూసి పెట్టడం ఆనవాయితీ. పున్నమికి దగ్గరి శనివారం చూసుకుంటారు. ముహూర్తాలు మనకే అనుకునేవాణ్ణి.

మా పక్కింటావిడ గుర్రానికి సాయం పట్టే జట్టులో నేనూ ఒకణ్ణి. ఫోల్సమ్‌లో ఉండే తెలుగువాళ్ళం అందరం ఈ అమెరికన్ నది నీళ్ళే తాగుతాం. ఆ నీళ్ళు ఫోల్సమ్ జలాశయానికి చేరకముందు ఏ లోయల్లోంచి వస్తాయో మాలో చాలామందికి తెలియదు. గుర్రం పుణ్యమా అని నాకు తెలిసింది.

బయల్దేరిన గుర్రాలు ట్రకీ లోయలోకి దిగి, 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన స్కీ లోయ మీదుగా ఎమిగ్రెంట్ కనుమకు ఎక్కుతాయి. ఎత్తు 8,700 అడుగుల పైమాటే. ఇక్కడ ఒక రాతి స్తూపం ఉంటుంది. దానికి తూర్పున పడ్డ చినుకు ఎడారికి, పడమట పడ్డది సముద్రానికి. వెనక్కి తిరిగితే తాహో నీలంగా కనిపిస్తుందట. పొద్దున్నే గుంపులో గుర్రాన్ని అదుపు చేయడమే గగనమైన రౌతులు ఎంతమంది తిరిగి చూస్తారో. అవతల బురద నేలలు, గుండ్రాళ్ళు. తర్వాత కూగర్ రాక్ అనే అగ్నిపర్వత శిల. గుర్రం దాని మీదికి ఎగబాకుతున్న ఫొటో టెవిస్ వెళ్ళినవాళ్ళ ఇంటి గోడల మీద చూస్తుంటాం. దాన్ని చుట్టి పోయే దారి కూడా ఉంది. నన్నడిగితే ఆ దారే మేలు.

58వ కిలోమీటరు దగ్గర రాబిన్సన్ ఫ్లాట్. మా పని ఇక్కడ మొదలవుతుంది. గుర్రం వస్తూనే జీను ఊడదీసి, మెడ మీదా కాళ్ళ మధ్యా నీళ్ళు ధారగా పోస్తాం. స్పాంజితో అద్దుతూ చెమట తుడుస్తాం. ఆరోగ్యంగా నిలబడి ఉన్న గుర్రం నాడి నిమిషానికి 40 లోపే. పరుగులో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది మళ్ళీ 60 ప్రాంతానికి దిగితే తప్ప ఇక్కడి గంట విరామం మొదలు కాదు. అంటే దౌడు తీసి ముందొచ్చి, రొప్పుతూ నిలబడ్డ గుర్రం కంటే, పది నిమిషాలు వెనక నింపాదిగా వచ్చిన గుర్రమే ముందు బయటపడొచ్చు. గడియారం రౌతు చేతికి ఉన్నా, కాలాన్ని లెక్కపెట్టేది గుర్రం గుండె.

తర్వాత పశువైద్యుల వరస. డాక్టరు పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదులుతాడు. తెల్లబడ్డ చోటు మళ్ళీ ఎంత త్వరగా గులాబీ రంగుకొస్తుందో చూస్తాడు. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదులుతాడు. ఒంట్లో నీరు తగ్గితే ఆ మడత నిదానంగా సర్దుకుంటుంది. ఆ తర్వాత డొక్కలకు స్టెతస్కోపు. రక్తమంతా కండలకు పోతుంటే పేగులు పని తగ్గిస్తాయి. మనిషి కడుపులో గుడగుడలైతే మందు వెతుక్కుంటాం, గుర్రం కడుపులో గుడగుడ వినిపించకపోతే ఇక్కడ అందరి మొహాలూ మారతాయి. చివరిగా దుడుకు నడకలో కొంత దూరం తీసుకెళ్ళి తీసుకురమ్మంటారు. కుంటు కనిపిస్తే సవారీ అక్కడితో సరి. ఎంత బతిమాలినా, ఏడాదంతా తయారైనా లాభం లేదు. బయల్దేరిన వాటిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే ఆబర్న్ చేరతాయి.

గుర్రం కుంటి ఆగిపోయినవాళ్ళలో ఒకడు గోర్డీ ఐన్స్‌లీ. 1973లో అలా అయితే, 1974లో గుర్రమే లేకుండా వచ్చి, గుర్రాలతో పాటు పరుగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు. ఈనాడు ప్రపంచమంతటా మనుషులు పరుగెత్తే నూరు మైళ్ళ పందేలకు బీజం అదే.

రాబిన్సన్ ఫ్లాట్ తర్వాత దారి లోయల్లో పడుతుంది. లాస్ట్ చాన్స్, డెడ్‌వుడ్, డెవిల్స్ థంబ్. బంగారం కోసం పరుగులు పెట్టినవాళ్ళు పెట్టిపోయిన పేర్లు, ఊళ్ళు మాత్రం పోయాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం స్థాపించిన లీలండ్ స్టాన్‌ఫర్డ్ 1850లలో ఈ దారిలోని మిషిగన్ బ్లఫ్‌లో కొట్టు నడిపాడు. బంగారం తవ్వినవాళ్ళ సంగతేమో గానీ, వాళ్ళకు సరుకులు అమ్మినవాడు బాగుపడ్డాడు. 2022 సెప్టెంబరులో మస్కీటో కార్చిచ్చు ఈ కొండలను తగలబెట్టింది. తర్వాత కాలినడకన వెళ్ళి చూశాను. నీడనిచ్చే చెట్లు నల్లని మోళ్ళయ్యాయి. మధ్యాహ్నం లోయ అడుగున ఎండ 40 డిగ్రీలు. ఏటి మీది ఊగే వంతెన దాటాక నిట్టనిలువు ఎక్కుడు. రౌతులు చాలామంది అక్కడ దిగి, గుర్రాన్ని ముందుకు వదిలి, దాని తోక పట్టుకుని ఎక్కుతారు. గోవు తోక పట్టుకుని వైతరణి దాటడం గురించి వింటూ పెరిగినవాడికి అది చూస్తే వేరే వివరణ అక్కర్లేదు.

109వ కిలోమీటరు ఫారెస్ట్‌హిల్. మళ్ళీ గంట విరామం, మళ్ళీ డాక్టర్లు. చెమటలో పోయిన లవణాలను పెద్ద సిరంజితో నాలుక వెనక్కి పట్టిస్తాం. మా గుర్రం సగం మింగి సగం నా చొక్కా మీద ఊసింది. తవుడు జావ మాత్రం బకెట్ అడుగు నాకింది. ఆవిడ నిలబడే రెండు ముద్దలు తిని, దీపాలు పెట్టే వేళకు జీను ఎక్కింది.

అక్కణ్ణుంచి చీకట్లో మిడిల్ ఫోర్క్ పాయను ఆనుకుని కొండ అంచు దారి. హెడ్‌లైట్ వేస్తే గుర్రం కళ్ళు చెదురుతాయని చాలామంది వేసుకోరు. వెన్నెల, గుర్రం చూపు, అవే దిక్కు. 85వ మైలు దాటాక పావర్టీ బార్ రేవులో నది దాటాలి. ఎగువ జలవిద్యుత్ ప్రాజెక్టు వాళ్ళు ఈ రాత్రి కోసం నీటి విడుదల తగ్గిస్తారు. కెమికల్ దీపపు గొట్టాలు వరసగా కట్టి, ఎక్కడ దాటాలో చూపిస్తారు. ఆఖరి వంతెన 1912లో సున్నపురాయి గని రైలు కోసం కట్టిన కాంక్రీటు కమానుల వంతెన. ఒకప్పుడు అంచులకు కమ్మీలు లేక దానికి నో హ్యాండ్స్ బ్రిడ్జ్ అని పేరొచ్చింది. 1964లో ఎగువన హెల్ హోల్ ఆనకట్ట తెగి వచ్చిన వరదకు దారిలోని వంతెనలు కొట్టుకుపోయినా ఇది నిలిచింది.

ఆబర్న్ మైదానంలో గీత దాటగానే అయిపోదు. డాక్టరు ముందు గుర్రం ఇంకా వెళ్ళగలిగేలా ఉంటేనే వెండి బకిల్. ఆవిడ గుర్రానికి దక్కింది. మర్నాడు పొద్దున మొదటి పది స్థానాల గుర్రాలను మళ్ళీ తెచ్చి, వాటిలో అన్నిటికంటే మంచి స్థితిలో ఉన్నదానికి హాగిన్ కప్ ఇస్తారు. తెలిసినవాళ్ళు ఎక్కువ గౌరవించేది ఈ కప్పునే, మొదట చేరినవాడి కప్పును కాదు. గుర్రాలను దుడుకు నడకలో తిప్పారు. ఒక్కటీ కుంటలేదు. వాటిని పట్టుకుని పరుగెత్తిన మనుషులే, ఒక్కరూ సరిగ్గా నడవలేకపోయారు.