ఓడితే ఊరంతా కోచ్‌లే!

సోమవారం నాడు దేశంలోకెల్లా నంబర్‌వన్ జట్టు. మంగళవారం రాత్రికి ఓటమి. అదీ సొంత గడ్డమీద, పెద్దగా పేరు వినబడని జట్టు చేతిలో!

2019 నవంబరు 12. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్ నగరం. ఊరి నడిబొడ్డున ఉన్న రప్ ఎరీనాలో ఆ రాత్రి యూనివర్సిటీ ఆఫ్ కెంటకీ బాస్కెట్‌బాల్ జట్టు ఎవాన్స్‌విల్ అనే చిన్న యూనివర్సిటీ మీద 64-67 తేడాతో ఓడిపోయింది. సీజన్ మొదలై వారమే అయింది. ఇంకా దాదాపు ముప్ఫై మ్యాచ్‌లున్నాయి. ఇంకోచోటైతే ‘పోనీలే’ అనుకుని తలుపులేసుకుని పడుకునేవారు. లెక్సింగ్టన్‌లో అలా కుదరదు. బయటికొచ్చే మెట్ల మీదే విచారణ మొదలవుతుంది. కార్లు పార్కింగ్ దాటేలోపు రేడియోలో ఫోన్-ఇన్ కార్యక్రమం అందుకుంటుంది. మర్నాడు పొద్దున మంగలి షాపులో, టిఫిన్ హోటల్లో, బ్యాంకు కౌంటర్ దగ్గర అదే మాట. ఎవరు ఎప్పుడు బంతి వదలాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అన్నది చెప్పలేనివాడు ఆ ఊళ్లో కనబడడు.

ఆ మ్యాచ్‌లో ఒక చిన్న లెక్క ఉంది. పెద్ద యూనివర్సిటీలు సీజన్ మొదట్లో చిన్న జట్లను డబ్బిచ్చి పిలిపించుకుంటాయి. పిల్లలకు కాస్త ప్రాక్టీసు, ప్రేక్షకులకు ఓ గెలుపు. వచ్చినవాళ్లకు ఏడాది ఖర్చులో కొంత భాగం గిట్టుబాటు. ఎవాన్స్‌విల్‌కు ఆ రాత్రి ముట్టింది 90 వేల డాలర్లు. అంతకుముందు ఏడాది ఆ జట్టు గెలిచినవి 11, ఓడినవి 21. కెంటకీ అయితే వారం కిందటే న్యూయార్క్‌లో అప్పటి నంబర్‌వన్ మిషిగన్ స్టేట్‌ను 69-62తో ఓడించి వచ్చింది. అలాంటిది... డబ్బిచ్చి మరీ ఓటమి కొనుక్కున్నట్టయింది!

అభిమానులకు మింగుడుపడని సంగతి ఇంకోటి. ఎవాన్స్‌విల్ కోచ్ వాల్టర్ మెక్‌కార్టీ పరాయివాడేం కాదు. 1996లో కెంటకీకి జాతీయ చాంపియన్‌షిప్ తెచ్చిన జట్టులో ఆడినవాడే. పుట్టింది ఎవాన్స్‌విల్‌లో, పేరు తెచ్చుకుంది లెక్సింగ్టన్‌లో. ఒకప్పుడు ఆ ఊరు నెత్తిన పెట్టుకున్న మనిషే ఆ రాత్రి వచ్చి కన్నీళ్లు పెట్టించి వెళ్లాడు.

నీలం కాని నీలిగడ్డి

కెంటకీ అనగానే మనవాళ్లకు వేయించిన కోడి గుర్తొస్తుంది. అక్కడివాళ్లకు మాత్రం గుర్రాలు, గడ్డి, బాస్కెట్‌బాల్. లెక్సింగ్టన్ చుట్టూ ఎటు వెళ్లినా మైళ్ల కొద్దీ చెక్క కంచెలు, వాటి వెనక మెత్తటి పచ్చిక మీద మేస్తున్న పందెపు గుర్రాలు. ఆ పచ్చికనే బ్లూగ్రాస్ అంటారు. నిజానికి అది పచ్చగానే ఉంటుంది. వసంతంలో వెన్ను వేసినప్పుడు మాత్రం కాస్త నీలిఛాయ కనబడుతుందంటారు. నేల కింద సున్నపురాయి ఉండటం వల్ల ఆ గడ్డి తిన్న గుర్రానికి ఎముక గట్టిపడుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

ఊరి జనాభా మూడు లక్షల పైచిలుకు. రాష్ట్రంలో ఎన్‌బీఏ జట్టు లేదు. ఉత్సాహమంతా, ఉక్రోషమంతా కాలేజీ జట్టు మీదే. తూర్పున అపలాచియన్ కొండల్లో బొగ్గు గనుల ఊళ్లున్నాయి. లెక్సింగ్టన్ వచ్చి టిక్కెట్టు కొనే తాహతు అక్కడ చాలామందికి ఉండేది కాదు. వాళ్లకు జట్టంటే రేడియోలో వినిపించే గొంతు. కావుడ్ లెడ్‌ఫర్డ్ అనే వ్యాఖ్యాత 1953 నుంచి 1992 దాకా కెంటకీ ఆటను చెబుతూనే ఉన్నాడు. దాదాపు నలభై ఏళ్లు! తాత విన్న గొంతునే మనవడూ విన్నాడు. జట్టు మీద కోపం, ప్రేమ అక్కడ ఇంటిపేరులా తరానికి తరం అందుతుంటాయి.

ఎరీనాకు పేరిచ్చిన అడాల్ఫ్ రప్ 1930 నుంచి 1972 దాకా కోచ్. ఆయన జట్లు 876 మ్యాచ్‌లు గెలిచాయి, నాలుగు జాతీయ టైటిళ్లు తెచ్చాయి. తర్వాతి కోచ్‌లు ఇంకో నాలుగు తెచ్చారు. ఆ ఎనిమిదింటి సంవత్సరాలూ ఊళ్లో పిల్లలు ఎక్కాల్లా అప్పజెబుతారు: 1948, 1949, 1951, 1958, 1978, 1996, 1998, 2012. అప్పజెప్పనిది 1966. ఆ ఏడాది ఫైనల్లో అందరూ తెల్లవాళ్లే ఉన్న రప్ జట్టును టెక్సాస్ వెస్టర్న్ ఓడించింది. ఆ జట్టులో ఆట మొదలుపెట్టిన అయిదుగురూ నల్లవాళ్లే. రప్ జట్టులో తొలి నల్లజాతి ఆటగాడు కనబడటానికి అక్కడి నుంచి మరో నాలుగేళ్లు పట్టింది. ఊరి గొప్పల పక్కన ఇదీ రాసుకోవాల్సిందే.

ఏటా అక్టోబరులో తొలి ప్రాక్టీసు చూడటానికి కూడా టిక్కెట్ల కోసం జనం గుడారాలు వేసుకుని రోజుల తరబడి పడుకునేవారు. ప్రాక్టీసుకే! మరి మ్యాచ్ ఓడితే ఎలా ఉంటుందో చెప్పాలా?

రెండు సాక్ష్యాలు

ఎవాన్స్‌విల్ ఓటమి తర్వాత ఊళ్లో నడిచిన పంచాయితీ అర్థం కావాలంటే ఒక నిబంధన తెలియాలి. హైస్కూల్ అయిన వెంటనే కుర్రాళ్లు ఎన్‌బీఏలోకి వెళ్లకూడదని, ఏడాది ఆగాలని, పంతొమ్మిదేళ్లు నిండాలని 2006 డ్రాఫ్ట్ నుంచి నియమం వచ్చింది. ఆ ఒక్క ఏడాది ఎక్కడ గడపాలి? చాలామంది మేటి కుర్రాళ్లు లెక్సింగ్టన్‌లో గడిపారు. 2009లో కోచ్‌గా వచ్చిన జాన్ కలిపారి దాన్నే పద్ధతిగా మార్చేశాడు. ఏటా వసంతంలో జట్టు సగం ఖాళీ. ఏటా నవంబరులో కొత్త ముఖాలు. అభిమానులు చొక్కా వెనకున్న పేరు నేర్చుకునేలోపే కుర్రాడు కోట్లు సంపాదించడానికి వెళ్లిపోతాడు.

అందుకే నవంబరులో ఓడితే వచ్చే ప్రశ్న ‘ఎందుకు ఓడారు’ అని కాదు. ‘అసలు వీళ్లెవరు? ఎలాంటివాళ్లు?’ అని. లేత కాబట్టి తడబడ్డారా, లేక సరుకే అంతా?

గుర్రాల ఊరికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఏటా సెప్టెంబరులో కీన్‌ల్యాండ్ మైదానంలో ఏడాది వయసు పిల్లగుర్రాలను వేలం వేస్తారు. ఒక్క పందెమూ పరిగెత్తని పిల్లను కాళ్లు, మెడ, నడక, తల్లిదండ్రుల పేర్లు చూసి లక్షల డాలర్లకు పాడతారు. ఎంత చూసినా పొరపాట్లు పడతారు. అది తెలిసిన మనుషులే సాయంత్రం ఎరీనాకొచ్చి పందొమ్మిదేళ్ల కుర్రాడి మీద ఒక్క రాత్రిలో తీర్పు చెప్పేస్తారు!

ఈ పంచాయితీలో ఇరుపక్షాల దగ్గరా సాక్ష్యాలున్నాయి. ఓపిక పట్టమనేవాళ్లు 2014ను చూపిస్తారు. ఆ ఏడాది జట్టు సీజన్‌కు ముందు నంబర్‌వన్. తర్వాత తడబడి పది మ్యాచ్‌లు పోగొట్టుకుంది. మార్చి టోర్నమెంటులోకి ఎనిమిదో సీడ్‌గా వెళ్లింది. అలా వెళ్లిన జట్టే జాతీయ ఫైనల్ దాకా ఆడింది! కనెక్టికట్ చేతిలో ఓడిందనుకోండి. అయినా ‘నవంబరు చూసి నవ్వకండి’ అనడానికి ఆ ఉదాహరణ చాలు.

గుండె దడ ఉన్నవాళ్లు 2013ను తీస్తారు. అది అంతకుముందు ఏడాదే. చాంపియన్లలో చాలామంది వెళ్లిపోయాక వచ్చిన కొత్త జట్టు మొదట్నుంచీ కుంటింది. సర్దుకుంటుందని అందరూ ఎదురుచూశారు. సర్దుకోలేదు. పెద్ద టోర్నమెంటులో చోటే దక్కలేదు. రెండో శ్రేణి టోర్నమెంటులో రాబర్ట్ మోరిస్ అనే చిన్న యూనివర్సిటీ సొంత హాలుకెళ్లి 57-59తో ఓడి ఇంటికొచ్చింది. రప్ ఎరీనా అప్పుడు వేరే మ్యాచ్‌లకు ఇచ్చేసి ఉండటంతో చిన్నజట్టు గడప తొక్కాల్సి వచ్చింది. ఆ అవమానం తలుచుకున్నప్పుడల్లా కడుపు రగులుతుంది.

ఈ రెంటికీ అందని మూడో సంవత్సరం 2015. ఆ జట్టు నవంబరులో ఓడలేదు, జనవరిలో ఓడలేదు, మార్చిలో ఓడలేదు. వరసగా 38 గెలుపులు. ఏప్రిల్‌లో సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో ఒక్కటే ఓటమి. దాంతో అయిపోయింది. మరి నవంబరు ఏం చెప్పినట్టు?

నదికి అవతల

లెక్సింగ్టన్ ఏడుస్తున్న రాత్రి, సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో, ఒహాయో నది ఒడ్డున ఇండియానా రాష్ట్రంలో ఎవాన్స్‌విల్ ఉంది. అక్కడివాళ్లకు బాస్కెట్‌బాల్ అంటే గెలుపోటములకు మించిన జ్ఞాపకం. 1977 డిసెంబరు 13న ఆ యూనివర్సిటీ జట్టు ఎక్కిన విమానం లేచిన కాసేపటికే కూలిపోయింది. ఆటగాళ్లు, కోచ్‌తో సహా 29 మందీ చనిపోయారు. గాయం వల్ల ప్రయాణం మానుకుని బతికిపోయిన ఒక్క ఆటగాడూ రెండు వారాలకే కారు ప్రమాదంలో పోయాడు. మరుసటి ఏడాది కొత్త కుర్రాళ్లను పోగుచేసి జట్టును మళ్లీ మొదట్నుంచి కట్టుకున్నారు.

అన్నట్టు, లెక్సింగ్టన్‌లో అడాల్ఫ్ రప్ కన్నుమూసింది కూడా సరిగ్గా ఆ ప్రమాదానికి మూడు రోజుల ముందే, డిసెంబరు 10న. ఆ రాత్రి కెంటకీ జట్టు ఆయన చదువుకున్న కాన్సస్‌లో ఆడుతోంది. అప్పటికి రప్ ఎరీనా తెరిచి ఏడాదే.

అందుకే 2019 నాటి గెలుపు ఎవాన్స్‌విల్‌కు పండగ. అయితే ఆ జట్టును చూసి కూడా నవంబరు తీర్పు చెప్పడానికి లేదు. నంబర్‌వన్‌ను పడగొట్టిన ఆ కుర్రాళ్లు తమ కాన్ఫరెన్స్‌లో ఆ ఏడాది 18 మ్యాచ్‌లు ఆడితే పద్దెనిమిదీ ఓడిపోయారు! మధ్యలో, జనవరిలో, కోచ్ కూడా మారిపోయాడు.

రాని మార్చి

లెక్సింగ్టన్‌లో డిసెంబరు ఇంకా చేదుగా గడిచింది. 18న లాస్‌వేగాస్‌లో యూటా చేతిలో 66-69. మూడు రోజులకు అక్కడే ఒహాయో స్టేట్ చేతిలో 65-71. పండక్కి ఇళ్లలో చుట్టాలు దిగే వేళకు 2013 పక్షం గొంతు పెరిగింది. దూరం నుంచి బుట్టలో వేయగలిగినవాడు లేడన్నారు. పొడుగువాడు రిచర్డ్స్ మెత్తనన్నారు. క్విక్లీ పేరులోనే వేగం ఉందన్నారు. కోచ్‌కు వయసు మీదపడిందన్నారు.

డిసెంబరు 28న లూయీవిల్ వచ్చింది. అదే రాష్ట్రంలోని యూనివర్సిటీ, ఆ వారం దేశంలో మూడో స్థానం. లెక్సింగ్టన్, లూయీవిల్ అభిమానుల మధ్య పెళ్లి సంబంధం కుదిరినా ఆ ఒక్క రోజు మాట్లాడుకోరని అక్కడి జోకు. నలభై నిమిషాలు చాలక అదనపు సమయానికి వెళ్లిన ఆ మ్యాచ్‌ను కెంటకీ 78-70తో గెలిచింది. టైరీస్ మాక్సీ అనే కొత్త కుర్రాడు 27 పాయింట్లు వేశాడు. ఆ రాత్రి మెట్ల మీద మాటల రంగు మారింది. నెల కిందట ‘పనికిరాడు’ అన్న నోళ్లే ‘నేనప్పుడే చెప్పలా’ అన్నాయి. దీనికి లెక్సింగ్టన్ వాళ్లనే తప్పుపట్టక్కర్లేదు. క్రికెట్ చూసే ఇళ్లలో ఈ మాట వినని గోడ ఉంటుందా?

అక్కడి నుంచి జట్టు దారిన పడింది. చివరికి 25 గెలుపులు, 6 ఓటములు. తమ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం. వేగం పేరులోనే ఉందన్న ఇమాన్యుయేల్ క్విక్లీని కాన్ఫరెన్స్ కోచ్‌లంతా కలిసి ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. ఇక మార్చి రావడమే తరువాయి. 68 జట్ల జాతీయ టోర్నమెంటు. ఒక్క ఓటమితో ఇంటికే. నవంబరు నుంచి పెండింగులో ఉన్న కేసులన్నీ తేలేది అక్కడే. 2014 పక్షం గెలుస్తుందా, 2013 పక్షమా?

2020 మార్చి 12న కాన్ఫరెన్స్ పోటీల కోసం జట్టు నాష్‌విల్‌లో ఉంది. ఆడాల్సింది మర్నాడు. కరోనా భయంతో ఆ పోటీలు ఆపేశారు. అదే రోజు జాతీయ టోర్నమెంటునూ రద్దు చేశారు. సామాను సర్దుకుని కుర్రాళ్లు ఇళ్లకెళ్లిపోయారు. మాక్సీ, క్విక్లీ, రిచర్డ్స్ ఎన్‌బీఏ బాట పట్టారు. ఆనాడు ఎవాన్స్‌విల్‌ చేతిలో చతికిలబడ్డ మాక్సీ 2024లో ఎన్‌బీఏ ఆల్‌స్టార్ అయ్యాడు.

తర్వాతి సీజన్‌లో మళ్లీ కొత్త ముఖాలు. మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. ‘ఆగండి, సర్దుకుంటారు’ అని ఓపికవాళ్లు మామూలుగానే అన్నారు. జట్టు 9 గెలిచి 16 ఓడింది. 1926-27 తర్వాత కెంటకీకి అంత చెడ్డ సీజన్ లేదు. 2022 మార్చిలో సెయింట్ పీటర్స్, 2024 మార్చిలో ఓక్లాండ్ అనే చిన్న యూనివర్సిటీలు కెంటకీని తొలి రౌండ్‌లోనే ఇంటికి పంపాయి. 2024 ఏప్రిల్‌లో కలిపారి ఆర్కన్సా వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన మార్క్ పోప్, 1996 చాంపియన్ జట్టులో మెక్‌కార్టీ పక్కన ఆడినవాడే.

రప్ ఎరీనా పైకప్పు కింద టైటిళ్ల బ్యానర్లు వరసగా వేలాడుతుంటాయి. 2020 పేరుతో జాతీయ టైటిల్ బ్యానర్ లేదు, ఓడిపోయిన గుర్తూ లేదు. ఆ జట్టు మాటెత్తితే లెక్సింగ్టన్‌లో ఇప్పటికీ రెండు పక్షాలు లేస్తాయి. గెలిచేవాళ్లని ఒకరు, ఎవాన్స్‌విల్‌ను మర్చిపోయారా అని ఇంకొకరు.