జపాన్‌కి పెట్టె సర్దేటప్పుడు

జపాన్ వెళ్ళేవాళ్ళు బట్టలకంటే ముందు చూసుకోవాల్సినవి సాక్సులు. అక్కడ చాలా గుళ్ళలోకి, పాత కోటల్లోకి, చాపలు పరిచిన సత్రం గదిలోకి, కొన్ని భోజనశాలల్లోకి కూడా కాళ్ళకున్నవి విప్పేసే వెళ్ళాలి. తిరిగే రోజున విప్పడం, తొడగడం ఎన్నిసార్లో లెక్కుండదు. లేసుల బూట్లయితే ప్రతి గడప దగ్గరా కూర్చోవాలి, వెనకున్నవాళ్ళు ఆగాలి. అందుకే కాలు దూరిస్తే చాలు పట్టేసే బూట్లు, చిరుగులేని మందపాటి సాక్సులు కావాలి. మార్చి నెలాఖరున, చెర్రీ చెట్లు పూసే రోజుల్లో, క్యోటోలో పొద్దుటిపూట మనవాళ్ళకి బాగానే చలి. అక్కడి నిజో కోట 1603లో తొకుగావా ఇయెయాసు కట్టించింది. దాని వసారాల్లో అడుగు పడితే చాలు, నేల చెక్కలు కిచకిచమంటాయి. ఆ చప్పుడు వింటూ నెమ్మదిగా నడవాలనే ఎవరికైనా ఉంటుంది. పల్చటి సాక్సులైతే అరికాళ్ళు జివ్వుమని, ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది.

మా అత్తయ్యగారికి సాక్సుల అలవాటు లేదు. ఇంట్లో వేసి చూస్తే, "మెట్టెలకి పట్టుకుని లాగుతోందే అమ్మాయ్, నా వల్ల కాదు" అన్నారు. వేళ్ళ దగ్గర వదులుగా ఉండే నూలు సాక్సులు వెతికి తెస్తే గానీ కుదరలేదు. చెప్పులు వదలనంటే జపాన్‌వాళ్ళ తాబి ఉండనే ఉంది. బొటనవేలు విడిగా, మిగతా నాలుగూ ఒకచోట ఉండే సాక్సు అది. చీర కట్టుకుని, మామూలు వేలి చెప్పుల్లోనే హాయిగా తిరగొచ్చు. మన ఆడవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే వస్తువు అక్కడి బజార్లో నాకు కనిపించలేదు.

ఊరుకాని ఊరికి పెట్టె సర్దేటప్పుడు మనం సాధారణంగా భయాల లెక్కన సర్దుతాం. అది దొరకదేమో, ఇది లేకపోతే ఎలా అని. ఆ దేశం అలవాట్ల లెక్కన సర్దితే పెట్టె సగమవుతుంది. అక్కడి హోటళ్ళు తువ్వాళ్ళు, టూత్‌బ్రష్షు, షాంపూ, రాత్రి కట్టుకునే యుకాత, చాలాచోట్ల గదిలో తిరగడానికి చెప్పులు కూడా ఇస్తాయి. అవన్నీ ఇంట్లోనే వదిలేయొచ్చు. ఇంట్లో మనం మరిచిపోయే జేబురుమాలు మాత్రం తప్పనిసరి. బయటి మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, కానీ చేతులు తుడుచుకోవడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు. పిల్లల నుంచి పెద్దల దాకా ఎవరి రుమాలు వాళ్ళ దగ్గరుంటుంది. చెత్తకి ఒక కవరు కూడా పెట్టుకోవాలి. 1995లో టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువు దాడి జరిగాక బహిరంగ ప్రదేశాల్లో చెత్తడబ్బాలు చాలావరకు తీసేశారు. అరటిపండు తింటే తొక్క మనతోనే హోటల్‌కి రావాలి. చిల్లర సంచి కూడా ఒకటి ఉంచుకోవాలి. అక్కడ 500 యెన్‌ల దాకా నాణేలే, నోట్లు 1000 నుంచి మొదలు.

చిన్న రైస్ కుక్కరు పట్టుకెళ్దామన్న ఆలోచన చాలా ఇళ్ళలో వస్తుంది. వద్దు. అక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కరు అక్కడ పెడితే వేడి దాదాపు అయిదో వంతుకి పడిపోతుంది, అన్నం ఉడకదు. ఫోను చార్జర్లకి ఆ బాధ లేదు, రెండు చదును పుల్లల ప్లగ్గు అడాప్టరు ఒకటుంటే సరి.

అసలు బెంగంతా తిండి గురించే, శాకాహారులకైతే మరీను. అందులో అర్థం ఉంది. కూరగాయల పులుసు అనుకున్నదాంట్లోనూ, మిసో చారులోనూ, నూడుల్సు రసంలోనూ దాషి ఉంటుంది. దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన బొనీటో చేప పొరలతోనే కాస్తారు. పైకి ముక్క కనిపించదు, కాబట్టి చూసి పోల్చుకోలేం. అన్నానికి మాత్రం కొదవలేదు. వండి మూత వేసిన అన్నం డబ్బాలు ఏ వీధిలోనైనా అమ్ముతారు, వేడి చేసుకుంటే చాలు. ఆ మెత్తటి ముద్దలాంటి అన్నంలో కందిపొడి ఎంత బాగా కలుస్తుందో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. కందిపొడిని బాగా చల్లారాక గట్టి కవర్లలో పూటకి సరిపడా విడివిడిగా కట్టి, పైన పేరు రాసి పెట్టుకుంటే మంచిది. తనిఖీలో అడిగితే చూపించడం తేలిక.

తీసుకెళ్ళకూడనివి కూడా మన వంటింట్లోవే. పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి రానివ్వరు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి సీసా ఎంత గట్టిగా బిగించినా మాంసమే కాబట్టి అసలు కుదరదు, శిక్ష కూడా ఉంది. ఎండుకొబ్బరి తేలిగ్గా అంటుకునే సరుకుల్లో చేరుతుంది కనుక మన విమానాశ్రయంలోనే పెట్టెలోంచి తీయించేస్తారు. దుబాయ్ మీదుగానో, సింగపూర్ మీదుగానో వెళ్తూ అక్కడ దిగి తిరగాలనుకుంటే మసాలా పొడుల్లో గసగసాలు పడ్డాయేమో చూసుకోండి. యూఏఈలో గసగసాలు ఉండటమే నేరం, సింగపూర్‌లోనూ అనుమతి లేనిదే కుదరదు. పెద్దవాళ్ళు ప్రేమగా కట్టిచ్చిన పొట్లం మనల్ని చిక్కుల్లో పెట్టకూడదు.

మందుల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు మామూలుగా నెలకి సరిపడా తీసుకెళ్ళొచ్చు. అంతకు మించితే ముందే అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి 'యున్యు కకునిన్‌షో' అనే పత్రం తెచ్చుకోవాలి. మనం జలుబుకి వేసుకునే కొన్ని మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లో నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందుల మీదా కట్టడి ఉంది. అందుకే డబ్బా పారేసి మాత్రలు ఒక సంచిలో కలిపేయకూడదు. మందు పేరు కనిపించే అట్టతో, చీటీతో సహా ఉండాలి. షుగరున్నవాళ్ళ ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, కింద సామాన్ల అరలో గడ్డకట్టే ప్రమాదముంది.

ఇక పెద్ద పెట్టె మనతో రైలెక్కనక్కరలేదు. 1976లో యమాతో సంస్థ మొదలుపెట్టిన తక్క్యూబిన్ సేవ ఉంది. హోటల్ కౌంటర్లో ఇచ్చేస్తే టోక్యో నుంచి క్యోటోకి చాలాసార్లు మర్నాటికే చేరుస్తారు. 2020 నుంచి టోక్యో-ఒసాకా షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి ముందే చోటు రిజర్వు చేసుకోవాలి కూడా. కాబట్టి ఒక్క రాత్రికి సరిపడా బట్టలు, మందులు, ఒక పూట పొడి పట్టే చిన్న సంచి వేరుగా ఉండాలి. పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ ఒంటి మీదే. పర్యాటకులు దాన్ని వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టం.

అక్కడ తెలిసినవాళ్ళెవరైనా భోజనానికి పిలుస్తారనుకుంటే కానుకకి కాస్త చోటుంచండి. నేనైతే ఏటికొప్పాక లక్క బొమ్మలే తీసుకెళ్ళమంటాను. బరువుండవు. ఈశాన్య జపాన్‌లో వేడినీటి బుగ్గల పల్లెల వాళ్ళు తరిణె మీద చెక్క తిప్పి కొకేషి బొమ్మలు చేస్తారు. మనవాళ్ళు అంకుడు కర్రతో అదే పని చేసి, దానికి ఆకుల నుంచి, గింజల నుంచి తీసిన రంగు లక్కలో కలిపి పట్టిస్తారు. ఎలా చేశారని మనల్ని పిలిచినవాళ్ళు తప్పకుండా అడుగుతారు, చెప్పడానికి సిద్ధంగా ఉండండి. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలి.