ఓడ యెక్కుట: నాడు, నేడు

మా తిరుపతివారికి కొండ యెక్కుట తెలియును గాని ఓడ యెక్కుట తెలియదు. సముద్రమునకును మాకును నడుమ నూరు మైళ్లయినను లేవు. అయినను సముద్రమును కంట చూడని ముదుసళ్లు మా వీధిలో నేటికిని ఉన్నారు. అట్టి యూరినుండి మేము నలుగురము, అనగా దంపతులమిద్దరము, మా అత్తగారు, పదేండ్ల మా అమ్మాయి, ఇటీవల సెలవులలో చెన్నపట్టణపు రేవున విహారనౌక నెక్కి రెండు రాత్రులు నీటిమీద గడపి వచ్చితిమి. సముద్రపు శోభను వర్ణింప మా తరము కాదు. కవులు వర్ణించినది చాలును. ఓడలోనికి అడుగు పెట్టుటకు ముందు జరిగిన తతంగమే ప్రయాణములో సగమని మాకు తోచినది. దానినే సోదరీమణులకు విన్నవింతుము.

విహారనౌక యనిన ఒక యూరు చేరుటకు పోవు ఓడ కాదు. తిరిగి వచ్చుటకే పోవునది. ఇంత సొమ్ము పోసి, పోయినచోటికే తిరిగి వచ్చుటయా అని మావారు మొదట నవ్విరి. బడిపంతులు జీతము సంగతి చదువరులకు చెప్పనక్కరలేదు. కాని ఇది అత్తగారి కోరిక. డెబ్బది యేండ్లలో ఆమె నోరు తెరచి అడిగినది ఇదియొక్కటే.

ఆమె పుట్టిల్లు పుత్తూరు దగ్గరి పల్లె. ఆమె తండ్రిగారు పినాంగులో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచుండిరి. 1964లో ఒకమారు ఇంటికి వచ్చి, మూడు నెలలుండి, మరల పోయిరి. పదేండ్ల పిల్లగా అత్తగారు రేవువరకు పోయి సాగనంపినారట. 1967లో జాబు వచ్చినది, ఆయన రాలేదు. నాయన ఓడమీద నిలుచుండి చూచినప్పుడు గట్టు ఎట్లు కనబడినదో, తాము ఎంత చిన్నగా కనబడితిమో, అది ఒక్కసారి చూడవలెనని ఆమె యాశ. ఇది విన్న పిమ్మట మావారు మరి నవ్వలేదు.

అప్పటి ఓడ పేరు రజులా. 1926లో గ్లాస్గోలో కట్టినది. బ్రిటిష్ ఇండియా స్టీము నావిగేషను కంపెనీవారిది. చెన్నపట్టణము, నాగపట్టణము, పినాంగు, సింగపూరు, మరల వెనుకకు, ఇదే దాని దారి. క్రొత్తలో ఐదువేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనుటకు దానికి అనుమతి యుండెడిదట. డెక్కు ప్రయాణికులనగా గది లేనివారు. చాప పరచుకొన్నంత మేర వారి యిల్లు. టిక్కెట్టు ఏజెంట్లు బిన్నీ కంపెనీవారు. దొరసానులు, దొరలు పైయంతస్తున వేరు మెట్లమీదుగా ఎక్కిపోవుచుండగా, డెక్కువారు షెడ్డులో వరుసగా నిలువబడవలెను. డాక్టరు కన్నురెప్ప విప్పి చూచి, నాలుక చాపుమనును. మశూచి, కలరా టీకాల చీటీ లేనిదే అడుగు ముందుకు సాగదు. రేకుపెట్టెమీద తెల్లరంగుతో పేరు, ఊరు వ్రాసియుండవలెను. అత్తగారి తండ్రిగారి పెట్టెమీద పేరు వ్రాసినది ఊరి బడిపంతులేనట. ఊరగాయజాడీ మూతకు గుడ్డ కట్టి పైన పిండితో మెత్తినారట. ఆ జాడీని కంటికి రెప్పవలె కాచుకొనుచు షెడ్డులో రెండు జాములు కూర్చున్న సంగతి అత్తగారు ఇప్పటికిని చెప్పుదురు. కడపట సాగనంపవచ్చినవారిని ధక్కామీదికి రానిచ్చినారు. ఓడ కదలువరకు తండ్రిబిడ్డలు ఒకరినొకరు చూచుకొనిరి.

రజులా 1973లో ఈ దారి మానినది. తరువాత చిదంబరము అను ఓడ తిరిగినది. 1985 ఫిబ్రవరిలో దానిలో నిప్పంటుకొని, ఆ రాకపోకలే నిలిచిపోయినవి. విమానములు వచ్చి అంతకు ముందే జనమును లాగుకొన్నవి.

ఇంతకంటె వెనుకటి కథయును మన సీమకు ఒకటి కలదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడకమునుపు మన ప్రాంతములో పెద్దభాగము ఉత్తరార్కాడు జిల్లాలోనిది. దానికి చిత్తూరే ముఖ్యపట్టణము. ఆ జిల్లానుండి కూలీలుగా ఎందరో ఒప్పందము వ్రాసి, దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయిరి. 1860 అక్టోబరు 12వ తేదీన ట్రూరో అను ఓడ 342 మందితో చెన్నపట్టణము విడిచి, నవంబరు 16న దర్బను చేరినది. 1911లో ఆ వలస నిలుచునప్పటికి లక్షన్నరకు పైగా జనము పోయిరి. ఓడపట్టీలో ప్రతివానికి ఒక సంఖ్య. దాని ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు. పేరు గుమాస్తా చెవికి ఎట్లు వినబడిన అట్లే వ్రాతకెక్కినది. నాయుడుగారు అక్కడ నాయిడూ అయి, ఆ పేరుతోనే మునిమనుమలు నేటికిని చెలామణి యగుచున్నారు. ఈ పట్టీ సంగతి చదివినప్పుడు మాకు అంత పట్టలేదు. రేవులో మాకే తటస్థించిన తరువాత పట్టినది.

ఇక నేటి విధానము. 2023 జూన్ 5న చెన్నపట్టణమునుండి సింహళమునకు విహారనౌక యొకటి బయలుదేరినది. ఆ యేడే సెప్టెంబరులో విశాఖపట్టణమున విహారనౌకలకని ప్రత్యేకపు రేవుభవనము తెరచిరి. ఇప్పుడు ఓడ యెక్కుట రేవులో కాక ఇంటిలోనే మొదలగును. ప్రయాణమునకు కొన్నిదినములు ముందుగనే పేర్లు, పుట్టినతేదీలు, గుర్తింపుకార్డుల సంఖ్యలు, ఆరోగ్యమునుగూర్చి ఒక వాగ్మూలము, ఇవియన్నియు కంప్యూటరులో పూరించి పంపవలెను. ఏ వేళకు రేవునకు రావలెనో ఆ వేళయును అందులోనే యేర్పడును. తిరుపతివారికి ఇది క్రొత్త గాదు. 1944లో ఘాటురోడ్డు పడకమునుపు కొండకు కాలినడకయో డోలీయో దిక్కు. ఇప్పుడు దర్శనపు వేళను ముందుగా చెప్పి చీటీ ఇత్తురు, 2023 మార్చినుండి ముఖమును గుర్తుపట్టు యంత్రములనుకూడ పెట్టి చూచినారు. దేవుని వాకిట నేర్చినది ఓడ వాకిట పనికివచ్చునని అనుకొంటిమి.

మా కాగితములు మా వీధిలోని నెట్టు దుకాణపు కుఱ్ఱవాడు పూరించినాడు. "అవ్వా, నీ పేరేమి?" అని అడిగినాడు. "మునెమ్మ" అని అత్తగారు చెప్పిరి. ఊరెల్ల పిలుచు పేరు అదియే. వాడు అదే కొట్టినాడు. మావారు చూచిరి, మేమును చూచితిమి, ఎవరికిని తట్టలేదు.

బయలుదేరునాడు అత్తగారు నడుమున తమ గుడ్డసంచిని దోపుకొనిరి. అందులో వక్కలు, సున్నపుకాయ, బ్యాంకు పాసుపుస్తకము. "ఓడలో బ్యాంకుండునా అత్తా?" అని ఎగతాళి చేసితిమి. "ఉండనీలేమ్మా, నా బరువు నాదే" అనిరి.

తెల్లవారుజామున రైలెక్కి, పుత్తూరు, నగరి దాటి పోవుచుండగా ఆమె కిటికీనుండి కన్ను త్రిప్పలేదు. తిరుత్తణి వచ్చినప్పుడు మాత్రము, "ఇది మన జిల్లాలోనిదే, మా నాయన పోవునాటికే అరవసీమ అయిపోయెను" అనిరి. అది 1960 నాటి మాట.

రేవు వాకిట తుపాకులతో కేంద్రపు పారావారు. కార్డు, టిక్కెట్టు చూచి, లోపల ఒక బస్సులో భవనమునకు చేర్చిరి. పెట్టెలకు గది సంఖ్యగల కాగితపు పట్టీలు కట్టి మావద్దనుండి తీసికొనిరి. అవి వాటంతట అవే గదివాకిటికి వచ్చునట. రేకుపెట్టెమీద తెల్లరంగు వ్రాత స్థానమును ఆ పట్టీ ఆక్రమించినది. ఊరగాయ సంగతి అడిగితిమి. బయటి తినుబండారములు కూడదనిరి. మా నిమ్మకాయ ఊరగాయ అక్కడే ఆగిపోయినది. ఆ కాపలా పిల్ల ముఖము చూచిన అది వ్యర్థము కాదనియే మా నమ్మకము.

తరువాత కౌంటరు. ఒక యువతి ముందుగా మా అమ్మాయి ఫోటో తీసి, మావి తీసి, అత్తగారి ఆధారుకార్డు చూచి ఆగినది. కార్డులో మునిలక్ష్మమ్మ, ఓడపట్టీలో మునెమ్మ. "ఇద్దరు మనుష్యులా?" అని మర్యాదగానే అడిగినది. ఒకరేనని మేము ముగ్గురము ఒక్కసారి చెప్పితిమి. ఒకరేయని చూపు కాగితము కావలెననినది. రేషనుకార్డులో మునెమ్మయని కలదు, అది తిరుపతిలో బీరువాలో కలదు. మావారు తమ బడిగొంతుక నెత్తిరి. దానివలన ఏమియు జరుగలేదు. వాకిలి మూయుటకు ఇక గంటసేపే కలదని గోడమీది పలక చెప్పుచుండెను. "మీరు పోయిరండి, నేను రైలుకు పోతాను" అని అత్తగారు మెల్లగా అనిరి. ఆ మాటకు మా అమ్మాయి ఏడ్చినది.

ఉంగరము పోయినందున ధర్మపత్నియే కాదన్న దుష్యంతుని కథ చిన్ననాడు మా తండ్రిగారివద్ద చదివి, ఆ రాజును ఎంత నిందించితిమో! మనిషి ఎదుట నిలుచుండగా గుర్తు అడుగుట యేమని. హనుమంతుడే ఉంగరము చూపనిదే సీతమ్మ నమ్మలేదను సంగతి అప్పుడు తోచలేదు. ఆ కౌంటరు పిల్లను నిందించుటకు మాకు నోరు రాలేదు. ఆమెకు మునెమ్మ ఎవరో యెట్లు తెలియును?

అత్తగారు ఒక మూల కూర్చుండి వక్కకొరకు సంచి విప్పిరి. పాసుపుస్తకము బయటపడినది. పాతది, ఫోటో అంటించినది. పేరు మునెమ్మ, భర్త పేరు, ఇంటి సంఖ్య, అన్నియు ఆధారుకార్డుతో సరిపోయినవి. పై అధికారి వచ్చి రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఎవరికో ఫోను చేసి, నలువది నిమిషములు మమ్ము కూర్చుండబెట్టి, పట్టీలో పేరు దిద్దించెను. "పాసుపుస్తకము ఎందుకని అడిగితివే!" అని అత్తగారు మావంక చూచిరి. ఆ మాట ఆమె ఇప్పటికి ఇరువదిసార్లు అనిరి, ఇంకను అందురు.

ఓడమెట్లవద్ద ఒక్కొక్కరికి ఒక చిన్న అట్టచీటీ ఇచ్చిరి. గది తెరచుటకు అదే తాళపుచెవి, కొన్నవస్తువులకు అదే పద్దు, ఎక్కిదిగుటకు అదే గుర్తు. యంత్రమునకు చూపిన తోడనే మన ముఖము తెరమీద కనబడును. ఓడలో ఎందరున్నారో, దిగినవారెవరో క్షణములో తెలియును.

లోపలికి పోగానే ప్రమాదపు కసరత్తు. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినబడిన ఎక్కడ చేరవలెనో, తేలుచొక్కా యెట్లు తొడగవలెనో చూపుదురు. పూర్వము ఎక్కినవారికి ఇరువదినాలుగు గంటలలోపల దీనిని నేర్పిన చాలునని నియమము. 2012 జనవరి 13న ఇటలీతీరమున కోస్టా కాంకోర్డియా అను నౌక రాతికి కొట్టుకొని ఒరిగిపోయినది. ఆనాడే ఎక్కినవారు కొన్నివందలమంది ఇంకను ఆ కసరత్తు చేసియుండలేదు. 4,200 పైచిలుకు జనములో 32 మంది పోయిరి. అప్పటినుండి నియమము మారి, 2015 జనవరి మొదలు ఓడ కదలకమునుపో కదలినవెంటనో జరుపవలెనని లోకమంతటికి శాసనమయినది. ఆరోగ్యపు వాగ్మూలమునకును ఇట్టి కథయే కలదు. 2020 ఫిబ్రవరిలో జపానుదేశపు యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 3,711 మంది చిక్కుకొనగా, 712 మందికి కరోనా సోకినది. డాక్టరు కన్నురెప్ప విప్పి చూచుటకు బదులు, ఇప్పుడు మనచేతనే మన యారోగ్యమును వ్రాయించుకొనుచున్నారు.

అత్తగారికి ఈ కసరత్తువలన ఒక్కటే దిగులు. దీనిమూలమున ఓడ కదలు గడియ తప్పిపోవునేమోయని. తప్పలేదు. పొద్దు వాలువేళకు మేము నలుగురము పై అంతస్తున కటకటాలు పట్టుకొని నిలిచితిమి.

ధక్కా శూన్యముగా నుండెను. సాగనంపువారిని లోనికి రానీయరు. 2001 సెప్టెంబరులో అమెరికాలో జరిగిన ఘోరము తరువాత, ఓడలకు, రేవులకు రక్షణనియమములు యేర్పడి, 2004 జూలై 1నుండి అన్ని దేశములయందును అమలులోనికి వచ్చినవి. టిక్కెట్టు లేనివారు ఊరివైపు వాకిటనే వీడ్కోలు చెప్పి మరలవలసినదే. కారణము మంచిదే. మావారు దానిని అత్తగారికి విడమరచి చెప్పిరి. ఆమె వినినారో లేదో తెలియదు. "ఆ స్తంభము దగ్గర నిలుచుంటిమి. కాదు, ఇంకను ఇవతల. అప్పుడు అక్కడ ఎంత జనము!" అని వ్రేలు చూపుచుండిరి. ఆ స్తంభము ఆనాటిదేనా యని మేము అడుగలేదు.

మోకులు విప్పు కూలీలు ముగ్గురు మాత్రము క్రింద నుండిరి. చివరి మోకు నీటబడినది. ఓడ కదలినట్లే తెలియలేదు. గట్టే వెనుకకు జరిగినట్లుండెను. వారిలో ఒకడు నడుము నిటారు చేసి తలయెత్తి చూచెను. అత్తగారు చేయి యెత్తిరి. అతడు ఒక్క నిమిషము తికమకపడి, తలగుడ్డ విప్పి, దానిని ఊపెను. చాలసేపు ఊపెను. మనిషి అగ్గిపుల్లంతవాడగువరకు అత్తగారు చేయి దింపలేదు.

"ఇంతేనా కనబడేది!" అని మాత్రము అనిరి. పిమ్మట మా అమ్మాయి భుజము పట్టుకొని లోపలికి నడచి, గదివాకిట నిలిచి, "ఆ అట్టచీటీ యేదే? సంచిలో పాసుపుస్తకము ప్రక్కన పెడతాను, ఇటు తే" అనిరి.